అమ్మ ఎకరం, వదిన కౌలు

"ఇష్టం లేకపోతే పో మీ పుట్టింటికి."

పెళ్ళయిన కొత్తలో మా ఆయన నోట ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నిజంగానే బట్టలు సర్దుకుని కూర్చున్నాను. తర్వాత తర్వాత అలవాటైపోయింది. చారులో ఉప్పు ఎక్కువైనా అదే మాట, ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి నేను పక్క క్వార్టర్లో కబుర్లలో ఉన్నా అదే మాట. ఆయన చెయ్యెత్తే మనిషి కాదు, గొంతెత్తే మనిషి. కొత్తగూడెంలో మా గని క్వార్టర్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మా ఇంట్లో మాట అటూ ఇటూ ఇళ్ళకు వినబడేది, వాళ్ళ ఇళ్ళలోంచి అదే మాట మాకు వినబడేది. పొద్దున కుళాయి దగ్గర కలుసుకున్నప్పుడు ఆడవాళ్ళం ఎవరం ఎవర్నీ ఏమీ అడిగేవాళ్ళం కాదు.

ఆ మాట మా ఇంట్లో ఆగిపోయి కొన్నేళ్ళయింది. ఏ రోజు ఆగిందో చెప్పలేను. ఒక మధ్యాహ్నం అన్నం అడుగంటితే ఆయన "ఇష్టం లేకపోతే" అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "సరే, మాడింది తీసేసి పెట్టు" అన్నాడు. ఒంట్లో బాగానే ఉందా అని అడిగాను కూడా. బాగానే ఉంది. మారింది ఒక్కటే. అంతకు కొన్ని నెలల ముందు మా అమ్మ తన ఎకరం చేను నా పేరు మీద రాయించింది. ఇక నన్ను పొమ్మంటే నేను నిజంగానే పోగలిగిన చోటు ఒకటి ఏర్పడింది.

నేను ఆ చేను పేరెత్తి ఎన్నడూ బెదిరించలేదు. బెదిరించాల్సిన అవసరమే రాలేదు. ఫ్రిజ్ కొనాలన్నా, పెద్దవాణ్ణి ఏ కాలేజీలో వేయాలన్నా ఆయన "నువ్వేమంటావు?" అని అడగడం మొదలుపెట్టాడు. మా అత్తమ్మ అయితే క్వార్టర్ల వరసంతా తిరిగి "మా కోడలికి సత్తుపల్లి దగ్గర మిరప చేనుంది" అని చెప్పుకొచ్చింది. ఆ చేలో నేను ఏనాడూ కలుపు మొక్క ఒక్కటి పీకి ఎరగను. నా చీర కుచ్చిళ్ళకు ఆ మట్టి అంటి ఎరగదు. అయినా నాకు గొడుగు పట్టింది ఆ చేనే. దాన్ని పండించిన మనిషి మాత్రం ఎండలోనే ఉంది. ఆమె మా వదిన, అన్నయ్య భార్య.

ఆ ఎకరం సంగతి చెప్పాలి. మా అమ్మను కన్నవాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇటు, అడవి మొదలయ్యే వైపు, భూములు కొనుక్కుని స్థిరపడ్డవాళ్ళు. పెళ్ళిలో అమ్మకు ఒక ఎకరం పసుపు కుంకుమ కింద ఇచ్చారు. మా వాళ్ళలో పసుపు కుంకుమ భూమి తల్లి నుంచి కూతురికి పోతుంది, కొడుకులు దాని జోలికి రారు. రాకపోవడం అంటే పేరు విషయంలోనే. దున్నేది, పంట అమ్మేది ఇంటి మగవాళ్ళే. నాన్న ఉన్నన్నాళ్ళూ నాన్న, ఆ తర్వాత అన్నయ్య. అందులో పండిన మిర్చి డబ్బు మాత్రం అమ్మ చేతికి వచ్చేది. మా ఇంట్లో అమ్మ మాటకు ఎదురు లేకపోవడానికి ఆమె గడుసుతనమే కారణమని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

వదిన వచ్చింది టేకులపల్లి అవతల, అడవి పక్క ఊరు నుంచి. ఆమె మాట మాకు నవ్వుగా ఉండేది. గిట్ల, గట్ల అంటుంటే నేనూ అన్నయ్యా అదే యాసలో వెక్కిరించేవాళ్ళం. ఆమె కోపం తెచ్చుకునేది కాదు, "నవ్వుండ్రి, నవ్వుండ్రి, నా మాటల్నే మీ పిల్లలు నేర్చుకుంటరు" అనేది. ఒడిబియ్యం పోసే ఆచారం మా ఇంటికి ఆమె తెచ్చిందే. అంతకుముందు నేను పుట్టింటికి వస్తే ఓ చీర పెట్టి పంపేవాళ్ళు. వదిన వచ్చాక పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు తెచ్చి, అన్నయ్యను పక్కన నిలబెట్టి, నా ఒడి నింపేది. ఆడపిల్ల ఒడి ఖాళీగా పుట్టింటి గడప దాటకూడదు అనేది.

అమ్మ ఎకరంలో పని మొత్తం వదినదే. అన్నయ్యకు వరి ఉంది, పామాయిల్ తోట ఉంది. మిరప అంటే చంటిపిల్లతో సమానం, మగవాళ్ళకు అంత ఓపిక ఉండదు. నారు పోసింది మొదలు కల్లంలో ఎండిన కాయలో తాలు ఏరేదాకా వదిన చేతులే. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఉండదు. కోతల నెలల్లో ఆమె రాత్రిళ్ళు చేతులకు మజ్జిగ రాసుకుని పడుకునేది.

ఆమెకు కుడిచెవిలోంచి చీము కారేది. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొదలైంది. దూది పెట్టుకునేది, పైన కొంగు కప్పుకునేది. ఖమ్మం తీసుకెళ్ళి చూపించాలని ప్రతి ఏడూ అనుకునేవాళ్ళు. నాట్లు అయ్యాక అని ఒకసారి, కోతలు అయ్యాక అని ఒకసారి, డబ్బు చేతికొచ్చాక అని ఒకసారి. డబ్బు చేతికొచ్చేది, ఆమె చేతికి కాదు. నేను కూడా పండక్కి వెళ్ళినప్పుడల్లా "చెవి చూపించుకో వదినా" అని బుద్ధిగా చెప్పి బస్సెక్కేదాన్ని. చెప్పడానికి ఏం ఖర్చు?

అమ్మ మంచం పట్టిన ఏడాది మొత్తం ఆమెను చూసుకుంది వదిన. ఒళ్ళు తుడవడం, జావ తాగించడం, పక్క మార్చడం. నేను నెలకోసారి పండ్లు పట్టుకెళ్ళి, తల దగ్గర కూర్చుని, ఏడ్చి వచ్చేదాన్ని. అలాంటప్పుడు అమ్మ నన్నూ అన్నయ్యనూ వెంటబెట్టుకుని, ఆటోలో పడుకునే వెళ్ళి, ఆ చేను నా పేరు మీద రాయించింది.

వెళ్ళేముందు, వదినకు ఇవ్వచ్చు కదా అని అమ్మను అడిగాను. అడిగాననే చెప్పుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నిజానికి గట్టిగా అడగలేదు. అమ్మ ఎక్కడ సరేనంటుందోనని భయపడుతూ అడిగాను.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "కోడలికిస్తే కొడుక్కిచ్చినట్టే. నీకిస్తే ఆడదాని దగ్గర ఉంటది" అంది.

అది కన్నపేగు మాట అనుకున్నాను. లోపల సంతోషపడ్డాను. వదిన అప్పుడు వంటింట్లో అమ్మకు జావ కాస్తోంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఆమె మొహం చూడలేక, పెరట్లోంచి చుట్టూ తిరిగి వాకిట్లోకి వెళ్ళాను.

అమ్మ పోయాక పెట్టిన మొదటి మాసికం రోజున చుట్టాలంతా వచ్చారు. వంట ఆలస్యమైంది. ఇంతమందికి వదిన ఒక్కతే పొయ్యి దగ్గర. అన్నయ్య వాకిట్లోంచి లోపలికి వచ్చి, "ఏందే, ఇంకా కాలేదా? చేతగాకపోతే చెప్పు. ఇష్టం లేకపోతే పో మీ పుట్టింటికి" అన్నాడు.

అన్నయ్య గొంతులో ఆ మాట కొత్తది కాదు. నేను పుట్టింటికి వెళ్ళిన ప్రతిసారీ వినే ఉంటాను. కానీ మా ఇంట్లో ఆ మాట ఆగిపోయాక వినడం అదే మొదటిసారి. వదిన గుడ్డ పట్టుకుని అన్నం గిన్నె దించింది. ఆమెకు పుట్టిల్లంటే అన్నదమ్ముల ఇల్లు. వాళ్ళకే చాలీచాలని మెట్ట చెలక. ఎక్కడికని పోతుంది? అన్నయ్యను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. సైకిల్ బారు మీద కూర్చోబెట్టుకుని నన్ను హైస్కూలుకు తీసుకెళ్ళినవాడు. నన్ను గారాబం చేసి పెంచిన అన్నయ్య. అలాంటివాళ్ళను అనడం చాలా కష్టం. విస్తరి ముందు కూర్చుని, వదిన వండిన పప్పు కలుపుకుని తిన్నాను.

ఆ ఏడు తొలకరి పడ్డాక వదిన నుంచి ఫోను వచ్చింది. ఆమె నాకు ఫోను చేయడమే అరుదు. చేసినా అన్నయ్య ఫోనులోంచి, అన్నయ్య మాట్లాడాక. ఈసారి పక్కింటి ఆవిడ ఫోనులోంచి చేసింది.

"మరదలా, నీ చేను నాకు కౌలుకిస్తవా?"

నాకు నవ్వొచ్చింది. "కౌలేంది వదినా?"

"కౌలే. మీ అన్నకు గాదు. నాకు. కోతలయినంక ఊళ్ళె అందరు ఎంతిస్తరో గంత నేనే ఇస్త."

ఇక్కడ నా పెద్దమనసు గురించి చెప్పాలి. పుట్టింటి దగ్గర కౌలు తీసుకునే ఆడపిల్లను మా వైపు మనిషిగా చూడరు. అమ్మ పోగానే లెక్కలకు దిగిందంటారు. పైగా ఇన్నాళ్ళుగా లోపల గుచ్చుతున్న ముల్లు ఒకటి ఉంది కదా, అది తీసేసుకునే వీలు దొరికినట్టనిపించింది. "ఛీ, అవేం మాటలు వదినా? నీ దగ్గర నేను కౌలు తీసుకుంటానా? ఊరికే చేసుకోండి. మీరు తింటే నేను తిన్నట్టే" అన్నాను.

 

"నువ్వు తీస్కుంటెనే మంచిగుంటది" అంది.

"ఇంకోసారి ఆ మాటంటే ఊరుకోను" అని ముద్దుగా కసిరి ఫోను పెట్టేశాను. ఆ సాయంత్రమంతా మనసు తేలికగా ఉంది. మా ఆయనకు చెబితే, "నీ ఇష్టం, నీ చేను" అన్నాడు. ఆ మాట కూడా తియ్యగానే ఉంది. అన్నయ్యకు నేనే ఫోను చేసి చెప్పాను, సంతోషపడతాడని. పడ్డాడు. మా చెల్లెలి మనసు ఎంత పెద్దదో చూడండని ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ ఏడు నల్లతామర పురుగు వచ్చి చుట్టుపక్కల చేలు సగం ఎండిపోయాయి. మా చేను నిలబడింది. వదిన దాన్ని పొద్దునా సాయంత్రం ఆకు ఆకూ తిప్పి చూసుకుందట. కాయ తక్కువ వచ్చిన ఏడు కావడంతో ధర బాగా పలికింది. అన్నయ్య బస్తాలు వేసుకుని ఖమ్మం మార్కెట్టుకు వెళ్ళాడు. మిరప పని ఆడవాళ్ళది, మార్కెట్టు మగవాళ్ళది, మా వైపు మొదట్నుంచీ అంతే. వచ్చేటప్పుడు కొత్త మోటార్ సైకిల్ మీద వచ్చాడు. కొత్తగూడెం దాకా దాని మీదే వచ్చి నాకు పట్టుచీర ఇచ్చాడు. మామిడిపిందె రంగు చీర. కట్టుకుని ఫోటో కూడా దిగాను.

మార్చిలో పుట్టింటికి వెళ్ళాను. ఆఖరి కోత నడుస్తోంది. కొత్త చీర కట్టుకునే చేనుకు వెళ్ళాను, నా బుద్ధికి దండం. వదిన తాటాకు టోపీ కింద కొంగు బిగించుకుని కాయ కోస్తోంది. కుడిచెవిలో దూది పచ్చగా ఉంది. దగ్గరికి వెళితే వాసన తెలిసింది. నేను కుడివైపు నుంచి రెండుసార్లు పిలిచినా ఆమె తల తిప్పలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాక నవ్వింది.

"చెవి ఇంకా చూపించుకోలేదా?" అని అడిగాను.

"చూపించుకుందామనే కౌలు అడిగిన" అంది, కాయ కోస్తూనే.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"కౌలు నాదైతే పంట నాది. గప్పుడు మీ అన్న అడిగితే, అగో, నీ చెల్లెకు కౌలు కట్టాలె, పెట్టుబడి తియ్యాలె, మిగిలింది నాది అంటుంటి. ఆయనగూడ కాదనకపోవు, కౌలుదారు పంట కౌలుదారుదే గద. నువ్వేమొ ఊరికే చేసుకోండ్రి అన్నవ్. ఊరికే అంటె అది ఇంటిదయింది. ఇంటిదంటె మీ అన్నది." బుట్టలో కాయ పోసి నడుం నిటారు చేసింది. "నువ్వు ఇచ్చినవ్ మరదలా. గాని నాకియ్యలే."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆ మాట ఫోనులోనే ఎందుకు చెప్పలేదని అడిగాను. పక్కింటావిడ ఎదురుగా నిలబడి ఉందట. మొగుని మీద చాడీ చెప్పినట్టు ఉంటుందని మింగేసిందట. నేనే తెలుసుకుంటాననుకుందట. ఎందుకు తెలుసుకోవాలి నేను? తెలుసుకుంటే ఆ సాయంత్రం అంత తేలికగా ఎలా ఉండేదాన్ని? ఆ మామిడిపిందె రంగు చీర ఆమె చెవి అని అక్కడ నిలబడి ఉండగా తెలిసింది. ఇంటికి వచ్చి దాన్ని మడతపెట్టి బీరువా అడుగున పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది. పారేయడానికి చేతులు రావు, కట్టుకోవడానికి మనసు రాదు.

తర్వాతి తొలకరికి నేనే అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. చేను వదినకు కౌలుకిస్తున్నానని చెప్పాను.

"నాకైనా దానికైనా ఒకటే గదా" అన్నాడు నవ్వుతూ.

"ఒకటే అయితే ఆమెకే ఇస్తాను" అన్నాను.

నవ్వు పోయింది. "పుట్టింటి మీద కౌలా అమ్మడూ? నలుగురూ ఏమనుకుంటరు? అమ్మ పోయి రెండేళ్ళు కాలేదు."

నలుగురూ ఏమనుకున్నారో నాకు చేరింది. గని జీతం చాలక అన్నను పీక్కుతింటోందన్నారు. అన్నయ్య చాలారోజులు నాతో మాట్లాడలేదు. ఆ రాఖీకి వెళితే చెయ్యి చాచాడు, మొహం తిప్పుకున్నాడు. అది కూడా నా లోపల ఉంది. ఒకరికి చేసిన అన్యాయం దిద్దబోతే ఇంకొకరికి చేసినట్టవుతుంది. అన్నయ్య నిజంగానే బాధపడ్డాడు. తను చేసిన తప్పేమిటో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆ మోటార్ సైకిల్ మీద నన్ను కూర్చోబెట్టుకుని గుడికి తీసుకెళ్ళాలని ఎంతో ఆశపడ్డాడట.

ఆ ఏడు మొదటి కోత కాయ ఎండగానే వదిన బస్తాలతో పాటు తనూ బండెక్కింది. ఖమ్మం మార్కెట్టులో బస్తాల పక్కన ఆడమనిషి నిలబడి ఉంటే కొనేవాళ్ళు "మీ ఆయన ఏడమ్మా?" అని అడిగారట. "కాయ చూడుండ్రి, మా ఆయనతోని మీకేం పని?" అందట. ఇది చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి. అమ్మిన వెంటనే నాకు ఫోను చేసింది, "దవాఖానాకు వస్తవా, ఒక్కదాన్నే ఉన్న" అని. ఆ ఫోను ఆమెదే, ఆ పొద్దునే మార్కెట్టు ఎదురుగా కొన్నది. నేను కొత్తగూడెం నుంచి బస్సెక్కి పరుగున వెళ్ళాను.

చెవి పరీక్షకు అద్దాల గదిలో కూర్చోబెట్టారు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినబడితే వేలెత్తమన్నారు. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. ఎడమచెవికి పెట్టినప్పుడు ఆమె వేలు టక్కు టక్కున లేచింది. బళ్ళో పిల్లలా నావైపు చూసి నవ్వింది కూడా. తర్వాత కుడిచెవి. పరీక్ష చేసే అమ్మాయి నా పక్కన కూర్చుని మీటలు తిప్పుతోంది. వదిన చెయ్యి మోకాలి మీద అలాగే ఉంది. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుని ఆమె ఓపికగా ఎదురుచూస్తోంది. మొదలై చాలాసేపయింది. ఎత్తు వదినా, ఒక్కసారి ఎత్తు, అని అద్దం ఇవతల నేను మొక్కుకుంటున్నాను. ఆ వేలు లేవలేదు.

ఆపరేషన్ చేస్తే చీము కారడం ఆగుతుందని, వినికిడి మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. వదిన బయటికి వెళ్ళాక నేను ఉండబట్టలేక వెనక్కి వెళ్ళి అడిగాను, పోయిన ఏడు వచ్చి ఉంటే ఏమైనా మిగిలేదా అని. "అది చెప్పలేమమ్మా" అన్నాడు. అంతే అన్నాడు. కాదు, లాభం ఉండేది కాదు అని ఉంటే నిద్రపోయేదాన్ని. అవును అని ఉంటే ఏడ్చేదాన్ని. చెప్పలేమన్న మాట పట్టుకుని రెండూ చేయలేకపోతున్నాను.

ఆపరేషన్ అయింది. చీము ఆగింది. కట్టు విప్పిన రోజు నేను తలవంచుకుని కూర్చుంటే ఆమే నా గడ్డం పట్టుకుని ఎత్తింది. "గట్ల మొఖం పెట్టకు. మంచిగనే అయిందిలే. ఈ చెవి మీ అన్నకిచ్చేసిన. ఎంత తిట్టినా లోపలికి పోదు" అంది. ఆనాటి నుంచి అన్నయ్య అరుస్తుంటే ఆమె కుడిచెవి అటు తిప్పి కూర్చుంటుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

ఇక అంతా దిద్దేద్దామని ఒకరోజు ఆమెతో అన్నాను, "చేను నీ పేరు మీద రాసిచ్చేస్తా వదినా."

వద్దంది. "నా పేరు మీద పెడ్తే మీ అన్న ఒకనాడు సంతకం పెట్టమంటడు. నేను పెడ్త. నా సంగతి నాకు తెల్వదా? పిల్లల ఫీజంటడు, ఇంకోటంటడు, కండ్లనీళ్ళు పెట్టుకుంటడు, నేను పెడ్త. నీ పేరు మీద ఉంటె నిన్ను అడిగే ధైర్యం ఆయనకు లేదు. ఉండనీ."

అమ్మ మంచంలోంచి అన్న మాటే. అమ్మ నన్ను ప్రేమించి ఇచ్చిందనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఈ ఒక్కటీ కూడా రాసేస్తాను. ఆమె వద్దనగానే నాకు ఊపిరి వచ్చింది. ఎంత సిగ్గుచేటో నాకు తెలుసు. ఆ ఎకరం నా పేరు మీంచి పోతే మా ఇంట్లో ఆ మాట మళ్ళీ మొదలవుతుందేమోనన్న భయం, చెబుతున్నంతసేపూ నా గొంతులోనే ఉంది. ఆమె నా మొహంలో అది చూసి వద్దందేమో కూడా. ఇంకోసారి అడుగుదామని అనుకుంటూ ఉంటాను, అడగలేదు.

కోతలు పూర్తయ్యాక ఏప్రిల్‌లో రమ్మని కబురు పెట్టింది. వెళ్ళేసరికి వాకిట్లో పందిరి కింద కోత ఆడవాళ్ళంతా అన్నాలకు కూర్చుని ఉన్నారు. అన్నయ్య అరుగు మీద ఫోను చూసుకుంటున్నాడు. నన్ను చూసి "వచ్చినవా" అన్నాడు. అంతవరకైనా వచ్చాడు. వదిన నన్ను పీట మీద కూర్చోబెట్టి, అన్నయ్యను లేపి పక్కన నిలబెట్టి, ఒడిబియ్యం పోసింది. బియ్యం, కుడుకలు, పోకలు, ఎప్పటిలాగే. అన్నయ్య కూడా దోసిలి నింపి పోసి, మళ్ళీ అరుగెక్కాడు.

నేను లేవబోతే భుజం పట్టుకుని ఆపింది. లోపలికి వెళ్ళి తెల్లగుడ్డలో కట్టిన మూట ఒకటి తెచ్చింది. నాకు తెలిసిపోయింది. అప్పటికే మనసులో అనుకుని వచ్చాను, ఈ ఏడు ఆపరేషన్ ఖర్చయింది, తీసుకోకూడదని. "వద్దు వదినా, ఈసారికి నీ దగ్గరే" అని చెయ్యి అడ్డం పెట్టాను.

ఆమె నా ముందు గొంతుకూర్చుంది. అందరికీ వినబడేలానే మాట్లాడింది. "ఒళ్ళె పోసింది ఒడిబియ్యం. గది మీ అన్న ఇంటిది. గిది కౌలు. గిది నాది. నువ్వు తీస్కుంటెనే ఆ చేను నేను చేసినట్టు. లేకపోతె మళ్ళ ఊరికే చేసినట్టయితది." మూట నా చేతుల్లో పెట్టి, తన చేతులు తీసేసుకుంది.

మూట బరువుగా ఉంది. ఆ చేతుల మంట, ఆ చెవి, నేను పండ్లు పట్టుకుని వచ్చి వెళ్ళిన ఏడాది అంతా అందులో ఉన్నట్టే ఉంది. తీసుకోవడం నాకు చేతకావడం లేదు. తీసుకోకపోవడం ఒకసారి చేశాను.

"ముట్టిందని చెప్పు" అంది.

ఊళ్ళో కౌలు అందుకున్నవాళ్ళు నలుగురి ముందు ఆ మాట అనాలి. అంటే లెక్క తీరినట్టు. "ముట్టింది" అన్నాను, నాకే వినబడీ వినబడనంత నెమ్మదిగా.

"ఇనపడలే. గట్టిగ చెప్పు."

ఆ చెవి గుర్తొచ్చింది. "ముట్టింది వదినా" అన్నాను మళ్ళీ, గట్టిగా. పందిరి కింద ఆడవాళ్ళు తినడం ఆపి ఇటు చూశారు. అరుగు మీద అన్నయ్య ఫోనులోంచి తలెత్తాడు.

"ఇంకొంచెం" అంది వదిన.

అప్పుడు చూశాను. ఆమె కూర్చున్న తీరుకు నావైపు ఉన్నది ఎడమచెవి. నేను మొదటిసారి నెమ్మదిగా అన్నదే ఆమెకు వినబడింది. ఆమె మొహంలో నవ్వు లేదు, నా కళ్ళలోకే చూస్తోంది.

మూట గుండెకు ఆనించుకుని, అరుగు వైపు తిరిగి, మా అన్నయ్యకు వినబడేలా మూడోసారి చెప్పాను.